నారు ఎదిగే లోపల ఈత

ఈడ కూర్చో పాపా. అట్ల గోడకు ఆనుకోని కాదు, నిద్రొస్తాది నీకు. నా ఎదురుగ్గా కూర్చో. రాసేది రాద్దువుగాని, ముందు చెవులు నా దిక్కు పెట్టు. నడమ లేసి నీళ్లు తాగొస్తా, ఫోను చూసొస్తా అంటే నేను చెప్పను. నేను ఒగసారి మొదలుపెడితే ఆగేదాన్ని కాదు. ఆపితే మల్ల యాడ విడిస్తినో నాకే తెలీదు.

నువ్వు ఒళ్లు తగ్గాలని ఈతకు పోతాండావంట గదా, మీ అమ్మ చెప్పె. తలకు టోపీ, కండ్లకు అద్దాలు, నీళ్లకేమో మందు వాసన. ఇదంతా ఈ కాలంలోనే వచ్చింది అనుకుంటాండావేమో. నేను ఇద్దరు బిడ్డల తల్లినైనాక, నడుము పట్టుకపోయి, ఒళ్లు బాగు చేసుకోవల్లని నీళ్లల్లో దిగినదాన్ని. పందొమ్మిదొందల అరవైకి అటో ఇటో అది. మన కురుగోడు దిక్కు కాల్వ నీళ్లు వచ్చి శానా ఏండ్లు కాలేదు. జొన్న, సజ్జ పండిచ్చేటోళ్లం, కొత్తగా వరి గద్దెలు చేసుకుంటాంటిమి. గద్దె అంటే మడి, మనం కన్నడం కలిపి మాట్లాడతాం గదా, అట్లనే రాయి, దిద్దొద్దు.

మీ నాయన అప్పటికి అయిదు నెలల బిడ్డ. మీ అత్తకు నాలుగేండ్లు. మీ నాయన పుట్టినాక మా అత్త నన్ను మంచం దిగనీలేదు. నెల కాదు పాపా, మూడు నెలలు దాటిపాయ. పొద్దున లేస్తానే ఎండుకొబ్బరి, బెల్లం దంచిన ముద్ద. మధ్యాన్నం అన్నంలో గుంత చేసి నెయ్యి. మల్ల పొద్దు మునిగేటప్పుడు ఇంగో ముద్ద. నీళ్లు మాత్రం గుటకలు లెక్కన ఇచ్చేది. ఎదురుగా కూర్చోని, నేను గిన్నె నాకేదాకా లేసేది కాదు. ఆయమ్మది చెడ్డతనం అని రాయొద్దు. ఆయమ్మ సొంత కూతురు పచ్చి బాలింతగా ఉండంగానే బట్టలుతకను వంకకు పోయి, తడిసొచ్చి, జ్వరం తగిలి సచ్చిపాయ. అప్పటి నుంచి తడి అంటే ఆయమ్మకు దయ్యం చూసినట్లు. కోడలికి అట్ల కాకూడదని పొడి గుడ్డల్లో చుట్టి కాపాడె.

కాపాడి కాపాడి నన్ను వడ్లమూట చేసి పెట్టె. వంగితే లేయలేను, లేస్తే వంగలేను. గడప దాటితే ఆయాసం. చెంబు కింద పడితే మీ అత్తను పిలిచి తీయమంటాంటి. నాలుగేండ్ల బిడ్డ, "అమ్మా, నువ్వు ముసిలిదానివైపోతివా?" అని అడిగె.

నాకేమో ఊరికే కూర్చోను రాదు. నా పుట్టినూరు తారానగర్ లో మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. పెండ్లి కాకముందు గుట్టలెక్కి సీతాఫలాలు తెచ్చినదాన్ని, మంచం మీద పండుకోని దూలాలు చూస్తా ఉంటే ఎట్లుంటాది చెప్పు. కాళ్లు లోపల నుంచి దురద పెట్టినట్లు ఉంటాండె. పక్కకు తిరిగేది, మల్ల ఈ పక్కకు తిరిగేది, లేసి కూర్చునేది, నడుము కలుక్కుమంటే మల్ల పండేది.

మీ తాత ఒగ దినం బస్సులో బళ్లారికి పిలుచుకపాయ. గాంధీనగర్ లో మా పెద్దమ్మ కూతురింట్లో దిగి, ఆడనుంచి ఆస్పత్రికి పోతిమి. డాక్టరమ్మ ఈపు ఒత్తి, మోకాళ్లు తట్టి, ఎముకకు ఏమీ కాలేదు, కండలు వాడకం లేక మొద్దుబారినాయి అనె. బరువు ఎత్తొద్దు, దినాము నడువు, ఈత వస్తే ఈదు, నీళ్లల్లో నీ భారం నీ నడుము మీద పడదు అని చెప్పె. మీ తాత నోరు తెరిచి, ఈతనా, ఆడమనిషికా అని గొణిగె. ఆయమ్మ చీటీ రాస్తానే, తల ఎత్తకుండా, "బావి లేదా మీ ఊర్లో?" అని అడిగె.

బావులు ఉండాయి. మాకు ఈతే లేదు. మా తారానగర్ లో ఎండాకాలం నీళ్లంటే బిందెలో కొలుచుకునేదే గాని, మునిగేటివి కావు.

ఇంటికొచ్చి మా అత్తకు చెప్తే, ఆయమ్మ చీటీ తీసుకోని దేవునిగూట్లో పెట్టేసి, నీళ్లల్లో దిగిన బాలింత ఏమైందో నాకు తెల్సు, డాక్టరమ్మకు తెలీదు అనె. అంతే. ఇంగ ఆ మాట ఆ ఇంట్లో లేదు.

ఇప్పుడు అసలు సంగతి విను. వర్షాలు పడినాయి, కాల్వకు నీళ్లిడిసిరి, మా గద్దెలో ఒగ మూలకు నారు పోసిరి. నారు మొలిచి, ఎదిగి, పీకి నాటేదానికి ఒగ నెల. నాట్లు మా దిక్కు ముయ్యితో చేస్తాంటిమి. ముయ్యి అంటే ఈ పొద్దు నేను నీ గద్దెకు వస్తా, రేపు నువ్వు నా గద్దెకు రా. కూలి లేదు, మాట మీదనే. ఇంటికి ఒగ ఆడమనిషి వరసలో నిలబడల్ల. మనింటి నుంచి మనిషి పోకపోతే మన గద్దెకు ఎవురూ రారు. మా ముయ్యికి పెద్ద మా అత్తే, గట్టు మీద నిలబడి నడిపిచ్చేది. ఆయమ్మ వయసుకు వంగి నాటలేదు. నాటల్లంటే నేనే.

నారు పోసిన దినం సాయంత్రం మా అత్త మీ తాతతో మాట్లాడె. నేను వసారాలో బిడ్డకు పాలిస్తా ఉంటి. నాకు వినపడల్లనే గట్టిగా చెప్పె. నారు అందుకొచ్చే లోపల ఈ పిల్ల వంగి లేస్తే సరి. లేకుంటే తారానగర్ కు పంపిద్దాం, బిడ్డను ఎత్తుకోని పోతాది, బాగైనాక పిలిపిచ్చుకుందాం. పెద్దది ఈడనే ఉంటాది. మా తమ్ముని కూతురు ఒగతి ఉండాది, పనిమంతురాలు, కొన్ని దినాలు వచ్చి ఉంటాది.

మీ తాత తలగుడ్డ దులుపుకోని ఎద్దుల కాడికి పాయ.

నాకు మాత్రం భయమాయ. ఎందుకంటే మా వీధిలోనే ఒగామెను అట్లనే బాగైనాక రా అని పుట్టింటికి పంపిచ్చిరి. ఆయమ్మ బాగాయ. పిలిచేటోళ్లు రాలేదు. పని చేసేదానికి వచ్చినామె ఆ ఇంట్లోనే నిలబడిపాయ. ఆ ఇంటి ముందర పోయేటప్పుడల్లా నేను ఇంగో దిక్కు చూసేదాన్ని.

ఇంగ నాకు నిద్ర యాడిది? పొద్దున లేస్తానే నారుమడి కాడికి పోయి చూసేది. మొలక కనపడె. రెండు దినాలకు పచ్చగాయ. అందరూ నారు బాగొచ్చిందని సంతోషపడతాంటే, నేను ఆ నారును తిడతాంటి, నీకేం తొందర వచ్చిందే అని.

నడవమనె గదా డాక్టరమ్మ, నడిచేదానికి మా అత్త అడ్డం చెప్పలేదు. కాల్వ గట్టు పట్టుకోని దినాము నడుస్తాంటి. నాలుగడుగులు వేసేది, నడుము పట్టుకోని నిలబడేది. అట్ల పోయి పోయి ఒగ దినం క్యాంపు దాకా పోతి. క్యాంపు అంటే కోస్తా నుంచి వచ్చి భూములు కొన్నోళ్లు కట్టుకున్న ఇండ్లు. వాళ్లకు వరి పుట్టుకతోనే తెల్సు. మాకు వాళ్లకు మాటలుండాయి గాని రాకపోకలు తక్కువ. మా ముయ్యిలో వాళ్లను కలుపుకోరు. ఆ క్యాంపులో ఒగామె, యాభై దగ్గరికి ఉంటాయి, మా అత్త కాడికి వచ్చి నన్నూ మీ ముయ్యిలో చేర్చుకోండి, నాకు మనుషులు దొరకడంలేదు అని అడిగిండె. మా అత్త చూద్దాంలే అని పంపిచ్చేసె.

ఆ క్యాంపామె చేనిలో ఒగ పాత గుండ్రని బావి ఉండాది. ఎనకటికి ఎద్దులతో కపిలి తోలి నీళ్లు తోడిన బావి. కాల్వ వచ్చినాక ఎవురూ తోడేది లేదు, కాల్వ ఊట దిగి దిగి బావి పైమెట్టు దాకా నిండిండె. నేను ఆ పక్క పోతాంటే లోపల నీళ్ల చప్పుడు. తొంగి చూస్తే ఆయమ్మ! ముడి విప్పుకోని, చీర గోచి పెట్టుకోని, బాతు లెక్కన పోతాండాది. నీళ్లు కదిలినట్లు గూడా లేదు.

నన్ను చూసి, "ఏంటే పిల్లా, అట్టా చూస్తన్నావ్? ఎప్పుడూ నీళ్ళు చూళ్ళేదా?" అనె.

నేను ఏం చెప్పల్లనో తెలీక, నడుము పట్టుకపోయిందని, డాక్టరమ్మ ఈదమందని, నారు పోసిరని, తారానగర్ అని, అంతా ఒగటే ఊపిరిలో చెప్పేస్తి. అంతకు ముందు ఎప్పుడూ మాట కలపని ఆమెకు. ఆయమ్మ మెట్టు మీద కూర్చోని తల పిండుకుంటా అంతా వినె. విని, నేను నేర్పుతాను, నాట్లు కూడా మీకు సరిగ్గా రావు, అదీ నేర్పుతాను, మీ అత్తతో చెప్పి నన్ను ముయ్యిలో పెట్టించే పూచీ నీది అనె. నేను సరే అంటి. నా మాట ఆ ఇంట్లో చెల్లుతాదా లేదా అని ఆలోచన చేయలేదు.

తెల్లారి మధ్యాన్నం, మొగోళ్లంతా తిని పండుకునే యాళకు, బిడ్డను మా అత్త కాడ పండబెట్టి, నడిచొస్తా అని పోతి. ఆయమ్మ దోవ మీద తుమ్మచెట్టుకు ఎర్రగుడ్డ కట్టె, బావిలో ఆడోళ్లుండారని గుర్తు. నేను పదహారు మూరల చీరతోనే దిగితి. చీర నీళ్లకు ఉబ్బి కాళ్లకు చుట్టుకోని, నన్ను కిందికి గుంజేదానికి ఎవురో పిలిచినట్లు గుంజె. రెండు మెట్లు దిగి మూడో మెట్టు మీద గోడ పట్టుకోని ఏడిస్తి. ఆయమ్మ నవ్వి, ఇంటికెళ్లి మీ ఆయన చొక్కా తెచ్చుకో, చీర సగం చించుకో అనె.

మీ తాత పాత చొక్కా ఒగటి పెట్టెలో నుంచి తీస్తి. రెండు దినాలకు ఆయప్ప ఆ చొక్కా యాడ అని అడిగె. ఎలుకలు కొరికినాయి, చించి మసిగుడ్డ చేస్తి అంటి. ఆయప్ప నన్ను పైనుంచి కిందికి చూసి ఊరికే పాయ.

మొదట్లో ఆయమ్మ నా ఈపుకు ఖాళీ కిరసనాయిలు డబ్బా కట్టె. డబ్బా తేలుతాది, నిజమే, గాని దాని అంచు ఈపు కోసేస్తాండె. రవికె తగిలితే మంట. అట్లనే ఆరు దినాలు పోతి. ఏడో దినం పొద్దున మా వసారాలో కొయ్యకు రెండు ఎండిన సొరకాయ బుర్రలు తాడుతో కట్టి తగిలిచ్చిండాయి. ఎవురు తెచ్చిరని మా అత్త అడిగితే, మీ తాత ఎద్దులకు మేత వేస్తానే, విత్తనాలు పోసుకునేదానికి నేనే తెస్తి అని చెప్పె. రెండూ పక్కపక్కన, సరిగ్గా మనిషి ఈపుకు ఆనుకునేటట్లు కట్టిండె పాపా. విత్తనాలకు ఎవురైనా అట్ల కడతారా? ఆ పొద్దు బుర్రలు కొంగుకింద పెట్టుకోని పోతాంటే నాకు కాళ్లు నేలకు ఆనలేదు.

తల తడి ఎట్ల దాస్తి అంటావా? ఆముదం. తలనిండా ఆముదం కారేటట్లు పట్టిచ్చుకోని పోయేది, వచ్చేటప్పుడు గట్టిగా ముడి వేసుకునేది. తడి ఏదో నూనె ఏదో ఎవురికీ తెలీదు. మా అత్త నా తల చూసి, ఇప్పుడు తెలివొచ్చింది, వేడి తగ్గుతాది అని మెచ్చుకునె. నాకు లోపల సిగ్గాయ, గాని ఆముదం మానలేదు.

కాళ్లు ఆడిచ్చేది తొందరగానే వచ్చె. నాకు ఆడిచ్చమంటే చాలు గదా. రాంది ఏందంటే, ఊరికే ఉండేది. ఆయమ్మ మొదట వెల్లకిలా తేలాలి, కాళ్లూ చేతులూ ఇడిసెయ్, ఆకాశం చూడు అనేది. నేను ఆకాశం చూసేది లేదు, మెట్లు యాడుండాయని చూసేది, మెడ ఎత్తేది, బుడుంగున మునిగేది. ముక్కులో నీళ్లు, కండ్లల్లో నీళ్లు.

"తొందర, తొందర, తొందర! నీళ్ళ మీద కాసేపు పడుకోలేవంటే నువ్వు?" అని తిట్టె.

"మూడు నెలలు మంచం మీద పండబెట్టిరక్కా. మల్ల నువ్వు నీళ్ల మీద పండమంటావా?"

ఆయమ్మ నవ్వలేక మెట్టు పట్టుకోని దగ్గె. గాని ఇడిసిపెట్టలేదు. నా తల కింద ఒగ చెయ్యి పెట్టి, గాలి బిగబట్టొద్దు, మెల్లగా వదులు, మెల్లగా తీసుకో అని చెప్తానే ఉండె. ఒగ దినం ఆయమ్మ మాట్లాడతా ఉంది, నేను వింటా ఉండా, చూస్తే ఆయమ్మ చెయ్యి నా తల కింద లేదు, ఆయమ్మ ఆ పక్క మెట్టు మీద కూర్చోని కాళ్లు రుద్దుకుంటాంది. అది చూస్తానే మునిగిపోతి అనుకో. గాని అంతసేపు తేలింటి గదా.

నారు బెత్తెడాయ.

నేను లేసి వంగి చూసుకుంటాంటి, దినాము, ఎవురూ లేనప్పుడు. చేతులు మోకాళ్ల దాకా పోతాండె, మొదట. తర్వాత పిక్కల దాకా. ఆయాసం తగ్గె. గాని నేల తాకి లేసేటప్పుడు యాడనో ఒగ చోట నరం పట్టుకునేది. ఒగ దినం బాగుండేది, మరుదినం మల్ల మొదటికి వచ్చేది. బాగుండే దినం ఇంటి పనులన్నీ మీదేసుకోని చేసేది, చెడ్డ దినం తారానగర్ కు పోయే బస్సు కండ్ల ముందర తిరిగేది. మీ అత్తకు జడ వేసేటప్పుడు గట్టిగా గుంజుతాంటినంట, ఆ బిడ్డ ఏడిచేది. ఎందుకు గుంజుతాండానో నాకు తెలీదు.

ఇరవై దినాలకు బుర్రలు ఇప్పేస్తి. బావిలో చుట్టూ తిరుగుతాంటి. కుడిచెయ్యి దిక్కు గోడ, అలిసిపోతే గోడ సందులో వేళ్లు పెట్టి నిలబడేది, మల్ల చుట్టు. ఏడు చుట్లు తిరిగిన దినం నన్ను పట్టేటోళ్లు లేరు. రేపు నన్ను కాల్వలో దింపు అక్కా అంటి. ఆయమ్మ వద్దనె. పారే నీళ్లు వేరు, ఇంకో పది రోజులు ఆగు అనె. పది దినాలు ఆగితే నారు ఆగుతాదా? డాక్టరమ్మ ఈదమంది ఒళ్లు బాగయ్యేదానికే గాని కాల్వ దాటేదానికి కాదు, నాకు తెల్సు. గాని ఆ దినాల్లో నాకు ఇంగా ఏదో చేయకపోతే, ఇంగా కొంచెం ముందుకు పోకపోతే, నారు నన్ను దాటిపోతాది అన్నట్లు ఉంటాండె. పీకి పీకి అడిగితే ఆయమ్మ ఒప్పుకునె.

కాల్వకు పోతిమి. మా ఊరి వంతెనకు ఎగువన, జనం రాని చోటు అని. ఆయమ్మ ముందు దిగి, ఎదురుగా అవతలి గట్టు మీద ఆ రాయి చూడు, దాని దిక్కు నేరుగా రా అనె. నేను రాయి చూస్తి, కాళ్లు ఆడిస్తి, చేతులు వేస్తి. నేను నేరుగానే పోతాండా అనుకుంటి. నాలుగు బారలు పోయినాక ఆ రాయి నా కుడిదిక్కు పాయ. ఇంగా కొంచెం పోయినాక ఎనక్కు పాయ. ఏందిది అనుకునేలోపల నేను బయలుదేరిన గట్టే నా మొగానికి వచ్చి గుద్దుకునె!

నా ఒళ్లు బావి లెక్కన తిరిగేసింది పాపా. గుండ్రని బావిలో నేర్చినదాన్ని గదా, ఎడమకు తిరిగేది తప్ప నేరుగా పోయేది నా ఒంటికి తెలీదు. ఆయమ్మ అవతలి గట్టు కాడ నిలబడి, "గానుగెద్దువే నువ్వు! గానుగెద్దుని పొలానికి తోలుకొచ్చాను," అని కడుపు పట్టుకోని నవ్వె.

నాకు రోషం వచ్చె. మల్ల దిగితి. ఈసారి ఎడమకు పోకూడదని కుడిచెయ్యి మానేసి ఎడమచెయ్యే వేస్తి. దాంతో నీళ్లు నన్ను అడ్డంగా తిప్పి, పారే దిక్కుకు ఎత్తుకపాయ. భయపడితి గాని మునగలేదు. గాలి బిగబట్టలేదు. వెల్లకిలా తిరిగి, ఆకాశం చూస్తా, అట్లనే తేలుకుంటా పోతి. ఎనక ఆయమ్మ అరుస్తా గట్టు మీద పరిగెత్తుతాంది. తేలుకుంటా తేలుకుంటా వంతెన కాడికి వస్తి. ఆడ మెట్లుంటే పట్టుకోని ఎక్కితి.

ఎక్కి చూస్తే, మెట్ల మీద బట్టలుతుకుతాండేది ఎవురు? మా ముయ్యి ఆడోళ్లే, నలుగురు. నేను మీ తాత చొక్కా వేసుకోని, సగం చీర గోచి పెట్టుకోని, నీళ్లు కారుకుంటా వాళ్ల ముందర నిలబడితి.

ఒగతి, "ఏమే, మీ మొగుని చొక్కా ఉతకనొచ్చి దాంట్లోనే దూరితివా?" అనె. ఇంగ చూడు నవ్వులు.

నేను పొడిబట్టలు కట్టుకోని ఇంటికి పోయే లోపల ఆ మాట నాకంటే ముందే పోయిండె. మా అత్త గడపలో కూర్చోనుండె. తిడతాదనుకుంటి. తిట్టలేదు. నా ముడి పట్టుకోని ఇప్పి, ఎంటికల్లో చెయ్యి పెట్టి చూసె. తడి. చెయ్యి గుంజుకోని కొంగుకు తుడుచుకునె.

"ఎన్ని దినాల నుంచి?"

ఇరవై దినాలు దాటింది అంటి.

"సచ్చిపోతే?"

ఆయమ్మ మల్ల చెయ్యి కొంగుకు తుడుచుకునె. చాలు, రేపే తారానగర్ కు పోతావు, నారు దాకా ఆగేది లేదు, నా ఇంట్లో ఇంగో పిల్ల తడిసి సచ్చేది నేను చూడను అనె. మీ తాత అప్పుడే చేని నుంచి వచ్చి నాగలి దించుతాండె. నేను ఆయప్ప దిక్కు చూస్తి. ఆయప్ప కాళ్లు కడుక్కోని వచ్చి, ఆ బుర్రలు నేనే తెచ్చిచ్చినమ్మా అనె. అంతే. పెండ్లైనప్పటి నుంచి వాళ్లమ్మకు ఆయప్ప ఎదురు చెప్పింది అదొక్కటే.

అప్పుడు నాకు నోరొచ్చె.

"అత్తా, నేల తాకి లేస్తా, చూడు. నారు పీకే దినం నన్ను వరసలో నిలబెట్టు. అందరికంటే ముందు నేను నడుము ఎత్తితే, ఆ పొద్దే బస్సెక్కిచ్చు. నేనే పోతా, నువ్వు చెప్పే పని లేదు."

వంగితి. ఆడ గడప మీదనే. నేల తాకితి. లేస్తి. ఆ దినం నరం పట్టుకోలేదు, దేవుని దయ.

మా అత్త లేసి లోపలికి పోతా, నాలుగు దినాల్లో నాటు అనె.

ఆ నాలుగు దినాలు బావికి పోనీలేదు నన్ను. ఇంట్లో తిరుగుతాంటి, గోడ నుంచి గోడకు. క్యాంపు అక్క మా ఇంటి ముందర నుంచే పోతా, లోపలికి రాకుండా, గట్టిగా ఎవురితోనో చెప్పినట్లు, తుంటి దగ్గర వంగాలి, నడుం దగ్గర కాదు, నీళ్ళల్లో కాళ్ళాడిస్తామే అక్కడ అని చెప్పి పాయ. నేను లోపల వినుకుంటి.

నాటు దినం వచ్చె. మబ్బు పట్టిండె, వాన లేదు. పన్నెండు మంది వరసగా నిలబడితిమి. ముయ్యిలో ఒగ ఆట ఉండాది. అందరికంటే ముందు ఎవురు నడుము ఎత్తితే వాళ్ల ఈపు మీద బురదచెయ్యి వేస్తారు, ఆ పొద్దంతా ఆ గుర్తుతోనే తిరగల్ల. వేరేటోళ్లకు అది నవ్వులాట. నాకు అది ఊరిడిసిపోయేది. ఆ పన్నెండు మందికీ ఆ సంగతి తెల్సు, ఊర్లో దాగేది ఏముండాది? నా పక్కనుండే ఆమె, నువ్వు మెల్లగా నాటు, నీ వంతు నేను రెండు వరసలు పట్టుకుంటా అని గుసగుసలాడె. వద్దంటి.

బురద సల్లగా ఉండె. కట్ట ఇప్పి, నాలుగు పోచలు, బొటనేలితో గుచ్చి, ఎనక్కు ఒగ అడుగు. మల్ల నాలుగు పోచలు. మొదట బాగుండె. పొద్దు పైకొచ్చే కొద్దీ తొడలు కాలుతాండాయి. నడుము కాదు, తొడలు. నేను నోటితో మెల్లగా గాలి వదులుతా, మెల్లగా తీసుకుంటా, నీళ్లల్లో చేసినట్లే చేస్తాంటి. పక్కామె, ఏమే బుస కొడతాండావు పాము లెక్కన అనె. గట్టు మీద మా అత్త నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకోని, నన్నే చూస్తాండె. వేరే ఎవురినీ చూడలేదు, నాకు తల ఎత్తకుండానే తెలుస్తాంది.

అప్పుడు మీ నాయన ఏడిచె. గట్టు మీద గుడ్డ ఉయ్యాలలో పండబెట్టింటిమి. పాలయాళ. రొమ్ములు బరువెక్కి, రవికె తడిసిపాయ. ఏడుపు పెద్దదాయ. ఎవురూ నడుము ఎత్తలేదు ఇంగా. నేను లేస్తే నేనే ముందు. నేను నాటుతానే ఉంటి. నాలుగు పోచలు, ఎనక్కు అడుగు. కండ్లల్లో నీళ్లు కారి బురదలో పడతాండాయి. బిడ్డ ఎక్కిళ్లు పెట్టె. వరసంతా మాటలు మానేసిరి. ఎవురన్నా ఒగరు లేస్తే నేను లేద్దును గదా అని నేను, ఎట్ల లేద్దామా అని వాళ్లు.

చప్పుడాయ ఎనక. బురదలో దబ దబ అడుగులు. మా అత్త, పాపా. చీర మోకాళ్ల దాకా ఎత్తుకోని, బిడ్డను చంకనేసుకోని, ఆ నీళ్లల్లోకి దిగి వస్తాంది. నా ఎదురుగ్గా వచ్చి నిలబడె. నాకు ఆయమ్మ కాళ్లే కనపడతాండాయి, బురద పిక్కల దాకా.

"లేయి," అనె. "బిడ్డకు పాలియ్యి."

నేను లేయలేదు.

"లేయే. బిడ్డకు లేసేది లేసినట్లు కాదు. నేను చెప్తాండా గదా."

అప్పుడు లేస్తి. నిలువునా లేస్తి, ఒగేసారి. యాడా పట్టుకోలేదు. వరసలో అందరూ తలలెత్తి చూస్తాండారు. ఎవురి చెయ్యీ నా ఈపు మీదికి రాలేదు. ఆ బురదలోనే నిలబడి, కొంగు చాటున బిడ్డకు పాలిస్తి. మా అత్త నా చేతిలో ఉండే నారుకట్ట తీసుకోని పట్టుకోనుండె. బిడ్డ తాగి నిద్రపాయ. బిడ్డను తీసుకోని కట్ట నా చేతికిచ్చి, ఎట్ల వచ్చిందో అట్లనే పాయ. గట్టెక్కి, పక్క గద్దె ఆమెతో, రేపు మీ నాటుకు మా కోడలొస్తాది అని గట్టిగా చెప్పె. క్యాంపు ఆమెను గూడా పిలుచుకోండి, ఆయమ్మకు చేయి తొందర అనె. నేను అడగకుండానే నా పూచీ తీరిపాయ.

సాయంత్రం బురద కడుక్కుంటాంటే మా అత్త వచ్చి పక్కన నిలబడె. ఇంగా పోతావా ఆ బావికి అని అడిగె. నడుము బాగాయ గదా, ఇంగెందుకు అని గూడా అడగొచ్చు, అడగలేదు. నేను పోతా అత్తా అంటి. ఆయమ్మ లోపలికి పోయి, పొడి తువ్వాలు ఒగటి తెచ్చి కొయ్యకు తగిలిచ్చె.

మరుదినం పక్క గద్దెలో నాటు. క్యాంపు అక్క మా వరసలో నిలబడె, మొదటిసారి. మా ఆడోళ్లు ఆయమ్మ చేతిదిక్కు చూసుకుంటా నాటుతాండారు. నడమ ఒగామె నన్ను గోకి, మెల్లగా, మా అత్తకు వినపడకుండా, నాకూ మోకాళ్లు నొప్పులే, నీళ్లల్లో దిగితే పోతాయా అని అడిగె. ఇంగొగతి, నాకు ఆయాసం అనె. చూస్తే అయిదుమందికి ఏదో ఒగటి ఉండాది. నేను వాళ్లకు చెప్తి, వచ్చేటట్లయితే రాండి గాని, మొదటి దినం ఎవురూ చీరతో దిగొద్దు, మీ మొగోళ్లను అడిగి ఒగొగ చొక్కా... ఆఁ? ఏందమ్మా? వస్తాండా, వస్తాండా. లే పాపా, ఊటకు పిలుస్తాంది మీ అమ్మ, రొట్టె వేడి మీదనే తినల్ల.